రెట్టింపు బలం

కుట్టు దుకాణం,
జనవరి 9

మరదలికి,

ఫోన్ చేతిలో ఉండగా ఉత్తరమేంటి, వదినకి చాదస్తం పట్టిందా అని నవ్వుతావు. నవ్వుకో. రెండు గదుల ఇంట్లో నేను ఫోన్‌లో ‘ఊ’ అన్నా మీ అన్నయ్యకి వినిపిస్తుంది. బయటికెళ్ళి మాట్లాడితే, “నా గురించేనా?” అంటాడు. అందుకే దుకాణంలో, కుట్టాల్సిన ప్యాంట్లు పక్కకి తోసి రాస్తున్నాను. జవాబు కూడా దుకాణానికే రాయి.

ప్రమాదం జరిగి ఎనిమిది నెలలైంది. నువ్వొచ్చినప్పుడు కట్లే చూశావు, కట్ల కింద ఏముందో చూడలేదు. లిఫ్టు గుంటలో పనిచేస్తుంటే బరువు దిమ్మె కుడి తొడని గోడకేసి నొక్కేసింది. ఎముక దక్కింది. ముందువైపు కండ నలిగి కుళ్ళుతోందని జానెడు మేర కోసి పారేశారు. ఇప్పుడక్కడ పల్లం. నా పిడికిలి అందులో కూర్చుంటుంది. మోకాలు తనంతట తాను చాచుకోదు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి మడత పడిపోతుంది.

కంపెనీవాళ్ళు ఫిర్యాదుల ఫోన్ దగ్గర కుర్చీ వేశారు. ఎవరైనా “లిఫ్టు ఆగిపోయిందండీ” అంటే చాలు, ఏ తీగ ఊడిందో కుర్చీలోంచే చెప్పేస్తాడు. చెప్పి, ఫోన్ పెట్టేసి, కాలి వంక చూసుకుంటాడు. మా భవనంలో లిఫ్టు లేదని నీకు తెలుసుగా. ముప్ఫై ఆరు మెట్లు. “ఊళ్ళో లిఫ్టులన్నీ నడిపించినవాడి కాపురం ఇక్కడ పెట్టావే” అని నన్ను ఆడిపోసుకుంటాడు. ఆ మాట అంటున్నంతసేపూ నవ్వుతాడు, అదే భయం నాకు.

ఫిజియో మేడమ్ దగ్గరికి రోజూ వెళ్తున్నాడు. మొన్న చీలమండకి రెండున్నర కిలోల ఇసుక సంచి కట్టి పదిసార్లు కాలు చాచాడు. నెల క్రితం రెండు కిలోలే. ఆమె బరువులు రాసే కార్డు ఫొటో పెడుతున్నాను చూడు. నత్తనడకే, కానీ నడక.

అయినా ఆయనకి కావాల్సింది అది కాదు, గుంటలో దిగడం. కండ పోయినచోట మళ్ళీ కండ పెంచే పని మీ దగ్గర జరుగుతోందని ఇదివరకు చెప్పావు. అది ఈయనకి పనికొస్తుందా? అడగకూడనిది అడుగుతున్నానేమో. నువ్వు కాకపోతే ఎవర్ని అడగను?

నీ వదిన

*

ప్రయోగశాల,
జనవరి 20

వదినా,

నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. నువ్వడిగావు గానీ, నేనే అడగాలనుకుంటున్నాను.

మేం చేసేది ఇది. ఒక జంతువు లోపలి పొర తీసుకుని అందులోని కణాలన్నీ కడిగేస్తాం. తెల్లటి మెత్తటి గూడు మిగులుతుంది. ఇల్లు కట్టేటప్పుడు పరంజా కడతారు చూడు, అలాంటిదన్నమాట. రోగి కండలోంచి చిటికెడు తీసి, గాజు పళ్ళెంలో పెంచి, ఆ కణాల్ని దానిమీద పరుస్తాం. తర్వాత సర్జను దాన్ని పల్లంలో పెట్టి కుడతాడు. పరంజా మెల్లగా కరిగిపోవాలి, ఆ చోట కండ లేవాలి. ఎలుకల్లో లేచింది. మేకల్లో కొన్నిట్లో లేచింది.

ఇప్పుడు పన్నెండు మంది మనుషులకి చేయబోతున్నారు. అన్నయ్య పేరు పెట్టించగలను. నా ఇంటిపేరు మారింది కాబట్టి చెల్లెల్నని ఎవరికీ తెలియదు, తెలియనివ్వకండి కూడా.

ఒక్కటే చిక్కు. వ్యాయామంతో ఇక లాభం లేదని తేలినవాళ్ళనే తీసుకుంటారు. ఇంకా బాగుపడుతున్నవాడికి కోత పెట్టడం అన్యాయమని ఆ నియమం. బయటి ఫిజియో కార్డులు మేం అడగం. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో మేమే ఒక్కో పరీక్ష చేస్తాం. మూడింటిలోనూ బలం పెరగకూడదు. అన్నయ్యకి పెరుగుతూనే ఉంది.

వదినా, నేనేం చెప్పడం లేదు. కాలికి మూడు నెలలు విశ్రాంతి ఇస్తే కొంప మునగదు అంటున్నాను, అంతే. ఇప్పుడున్న ఈ కాస్తా పోయినా తర్వాత వచ్చేది దీనికి ఎన్నో రెట్లు. అన్నయ్యకి మాత్రం చెప్పకు. పరీక్ష చేసేవాడు అడిగీ అడగకముందే నిజం కక్కేసే మనిషి.

చదివాక చించెయ్.

నీ మరదలు

*

కుట్టు దుకాణం,
మే 2

మరదలికి,

ఎంపికైనట్టు కబురొచ్చింది. ఆ సంగతి నీకు ముందే తెలిసుంటుంది. నీకు తెలియనివి రాస్తాను.

“ఎక్కువ బరువు కడితే కీలు అరుగుతుందట, మూడు నెలలు ఫిజియో వద్దని డాక్టరు నాతో చెప్పాడు” అని మీ అన్నయ్యకి అబద్ధం చెప్పాను. నా మొహం చూసి నమ్మేశాడు. ఈయన్ని నమ్మించడం ఇంత తేలికని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు. తెలియకపోయినా బాగుండేది.

ఫిజియో మేడమ్ రెండుసార్లు దుకాణానికొచ్చింది. “మంచి ఊపు మీదున్నాడమ్మా, ఇప్పుడు ఆపితే ఎలా?” అంది. జ్వరమన్నాను. రెండోసారి ఏ సాకూ తోచక, ఎవరివో కొలతలు తీసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆయన ఊరికే కూర్చోడు. కుర్చీలో ఉండి కాలు చాపబోతే, “కీలు, కీలు” అని అరిచేదాన్ని. పాపం వెంటనే దించేసేవాడు. జనవరిలో ఆయన కుడి తొడ కొలత పదిహేడున్నర అంగుళాలు. ఏప్రిల్‌లో పదహారు. ప్యాంటు కాలు రెండుసార్లు లోపలికి కుట్టాను. చూసి, “నీ చెయ్యి బిగుసుకుందా, నా కాలు సన్నబడిందా?” అన్నాడు. “బట్ట సాగింది” అన్నాను.

మీ పరీక్షల్లో మొదటిసారి ఒకటిన్నర కిలో, రెండోసారి ఒకటింపావు, మూడోసారి ఒక్క కిలో. ఆ మూడోసారి గది బయట బల్లమీద కూర్చున్నాను. తలుపు తెరుచుకుని, “ఒకటే అండీ” అని నర్సు అనగానే నా ప్రాణం లేచొచ్చింది. మొగుడి కాలు పడిపోయిందని సంతోషించిన పెళ్ళాం లోకంలో నేనొక్కదాన్నేనేమో. ఆయన తల దించుకుని బయటికొచ్చి, “నేను గట్టిగానే తన్నానే, కాలే వినలేదు” అన్నాడు.

నీ మాట నమ్ముకుని ఇదంతా చేశాను. మాట నిలబెట్టుకో.

నీ వదిన

*

ప్రయోగశాల,
జూన్ 11

వదినా,

నువ్వు వరండాలో ఉన్నావు కాబట్టి లోపల జరిగింది చెప్తాను. పళ్ళెం మూత తీసి పరంజాని సర్జను చేతికిచ్చింది నేనే. ఆరు వారాలు రోజుకి రెండుసార్లు దాని నీళ్ళు మార్చి, వెచ్చగా ఉంచి, కాపాడుకొచ్చాను. అది అన్నయ్య తొడలో ఒదిగిపోయినప్పుడు సర్జను, “అచ్చు కొలిచి కుట్టినట్టుంది” అన్నాడు. నువ్వు గుర్తొచ్చావు.

మర్నాడు మా ప్రయోగశాల పెద్దసారు వెనకాల నేనూ వార్డులోకి వచ్చాను కదా. అన్నయ్య నన్ను చూసి చేతులు జోడించి, “మేడమ్ గారూ, మీ దయ” అన్నాడు. తన మొహంలో ఒక్క నరం కదల్లేదు. నేను ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి పారిపోయాను. చిన్నప్పుడు నా పలక విరగ్గొట్టి, ఏమీ ఎరగనట్టు ఇదే మొహం పెట్టాడు.

ఇక నీ పని మొదలు. ఇప్పుడు విశ్రాంతి పనికిరాదు. కాలు లాగితేనే, బరువు పడితేనే కణాలకి తాము కండ కావాలని తెలుస్తుంది. రోజుకి రెండు పూటలా ఫిజియో. ఒక్క పూట కూడా మానకూడదు. ఏడ్చినా సరే వదలకు.

నీ మరదలు

*

కుట్టు దుకాణం,
డిసెంబరు 3

మరదలికి,

ఆర్నెల్లు. ఒక్క పూట కూడా మానలేదు. ఏడ్చినప్పుడు కూడా. మొన్న మీవాళ్ళు చేసిన పరీక్షలో రెండు కిలోలు పదిసార్లు చాచాడు. “ఒకటి కాస్తా రెండైంది, రెట్టింపు!” అని మీ పరీక్షలబ్బాయి చప్పట్లు కొట్టాడు. మీ అన్నయ్య సిగ్గుపడ్డాడు. ఇంటికొస్తూ మొదటి అంతస్తు దాకా ఆగకుండా ఎక్కాడు. ప్యాంటు కుట్లు విప్పాను. తొడ పదిహేడుకొచ్చింది.

సంతోషంగానే ఉన్నాను. ఒక మాట మాత్రం అడుగుతాను, కసురుకోకు. ఆ పల్లం పూడింది గానీ ముట్టుకుంటే చెక్కలా ఉంది. ఎడమ తొడ బిగిస్తే చేతికింద చేపలా కదులుతుంది. కుడిది కదలదు. ఎంత బిగించినా అంతే.

అక్టోబరులో అక్కడ సూది గుచ్చి చిన్న ముక్క తీశారు. కండ వచ్చిందో లేదో అందులో తెలుస్తుందని చెప్పారు. ఏం తేలింది? ఆయన రోజూ అడిగి అడిగి మానేశాడు, అందుకని నేనడుగుతున్నాను.

నీ వదిన

*

కొత్త గది, ప్రయోగశాల,
జనవరి 15

వదినా,

ఆలస్యానికి తిట్టుకోకు. ఊపిరి సలపడం లేదు.

మా ఫలితాలు అచ్చయ్యాయి. పెద్ద సభలో పెద్దసారు నాచేతే చెప్పించాడు. తెర మీద అన్నయ్య కాలు, మొహం లేకుండా. ‘రోగి నాలుగు, బలం రెట్టింపు’ అని కింద అక్షరాలు. మూడు వందల మంది లేచి చప్పట్లు కొట్టారు. ఆ కాలు మా అన్నయ్యదని అరిచి చెప్పాలనిపించింది. పేపర్లలో కూడా వచ్చింది. ఈసారి నలభై మందికి చేస్తారట. నాకు వేరే గది, నా కింద నలుగురు. తలుపు మీద నా పేరు రాశారు వదినా.

సూది ముక్క సంగతి ఇంకా చూస్తున్నారు. అలాంటివి తేలడానికి టైం పడుతుంది. గట్టిగా ఉండటం మామూలే, కంగారు పడకు. వ్యాయామం మానొద్దు.

నీ మరదలు

*

కుట్టు దుకాణం,
మార్చి 6

మరదలికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పోయిన వారం ఫిజియో మేడమ్ గది మారుస్తూ పాత బీరువా ఖాళీ చేసింది. అందులో మీ అన్నయ్య పాత కార్డు దొరికింది. కొత్త కార్డు పక్కన పెట్టి ఆయన చేతికిచ్చింది. పాత కార్డులో చివరి గీత నిరుడు జనవరిది, రెండున్నర కిలోలు. కొత్త కార్డులో చివరి గీత మొన్నటిది. అదీ రెండున్నరే.

ఆయన రెండు కార్డులూ పట్టుకుని దుకాణానికొచ్చాడు. నేను కాజాలు కుడుతున్నాను.

“కోత పెట్టించుకోకముందే ఇంత ఉండేదా నాకు?” అన్నాడు.

“ఉండేది.”

“మరి రెట్టింపు అన్నారే?”

నేను దారం తెంపాను.

“ఫిజియో ఆపమన్న డాక్టరు ఎవరు?”

గుడ్డ ముక్కల డబ్బా అడుగునుంచి నీ ఉత్తరం తీసిచ్చాను. చించెయ్‌మన్నావు, చించలేదు. ఎందుకు దాచానో నాకే తెలియదు. నిన్ను పట్టివ్వడానికి మాత్రం కాదు. రేపు ఏదైనా అయితే ఇది నా ఒక్కదాని బుద్ధి కాదని చూపించుకోవడానికేమో. అంత పిరికిదాన్ని.

నిలబడే చదివాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. మడిచి జేబులో పెట్టుకుని, “పద, ఇంటికెళ్దాం” అన్నాడు.

మర్నాడు ఒకమ్మాయి ఆస్పత్రిలో అడిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. లాండ్రీలో పనట. యంత్రంలో చెయ్యి పడి మోచేతి పైన కండ పోయింది. పేపర్లో చదివి, నలభై మందిలో తనూ ఉండాలని ఆశ. “మీకు బాగా కలిసొచ్చిందట కదా అన్నా?” అంది. మీ అన్నయ్య ఆ చేతి వంకే చూస్తూ, “ఏమేం చెయ్యగలవు దీంతో?” అన్నాడు.

“కష్టమ్మీదైనా బకెట్టు ఎత్తేదాన్ని. ఇప్పుడు రెండు నెలలుగా వ్యాయామం మానేశాను కదా, గ్లాసు కూడా నిలవడం లేదు.”

“ఎవరు మానమన్నారు?”

“ఎవరూ అనలేదన్నా. బలం పెరుగుతుంటే తీసుకోరని ఆస్పత్రి వరండాలో అందరూ అనుకుంటుంటే విన్నాను.”

ఆ మాట వినగానే ఆయన లేచి లోపలికెళ్ళి తన ఇసుక సంచి తెచ్చి ఆ పిల్ల ముందు పెట్టాడు. “రేపు కాదు, ఇవాళే మొదలుపెట్టు. ఎవరేమన్నా మానకు” అన్నాడు.

మరదలా, సూది ముక్కలో ఏముంది? ఇంకా చూస్తున్నారని మాత్రం రాయకు.

వదిన

*

ప్రయోగశాల,
మార్చి 14

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

నేను ఎవర్నీ వ్యాయామం మానమని ఆదేశించలేదు. ‘నేనేం చెప్పడం లేదు’ అని అందులోనే రాశాను. చూసుకోండి. అన్నయ్యతో అబద్ధం చెప్పింది మీరు. ఫిజియోకి జ్వరమని చెప్పింది మీరు. పరీక్ష గది బయట సంతోషించింది కూడా మీరే, మీ చేత్తో మీరే రాశారు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది.

దయచేసి నా ఉత్తరం తిరిగి పంపండి. అది ఎవరి చేతిలోనన్నా పడితే నా ఒక్కదానికే కాదు, ఈ పనికే మచ్చ. నిజంగా అవసరమున్న వాళ్ళకి దారి మూసుకుపోతుంది. కాస్త ఆలోచించండి.

సూది ముక్క గురించి పదేపదే అడుగుతున్నారు. చెప్తాను. అది మొదటగా చూసింది నేనే. అందులో కండ లేదు. ఒక అంచున నాలుగైదు పోగులున్నాయి, అవి పాతవే కావచ్చు. మిగతాదంతా మచ్చ. గాయం మానితే వచ్చే మామూలు మచ్చ. అక్టోబరు నుంచి నాకు తెలుసు. పెద్దసారు, “ఒక ముక్కతో ఏం తేలుతుంది, పక్కన పెట్టు” అన్నాడు. నేను పెట్టాను. మచ్చ కూడా పట్టీలా పనిచేసి కాలుకి కొంత దన్నిస్తుంది, అదీ లాభమే అని నాకు నేను చెప్పుకున్నాను. అంతలో సభ వచ్చింది. తర్వాత తలుపు మీద పేరు వచ్చింది.

ఆరు వారాలు నీళ్ళు మార్చానండీ. అది కండ అవుతుందనే మార్చాను. అంతమాత్రం నమ్మండి.

ఉత్తరం పంపండి.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

ఇల్లు,
జూన్ 20

మరదలికి,

‘గారు’ పెట్టినా, పెట్టకపోయినా నువ్వు నాకు మరదలివే. ఆ బాధ్యత తప్పించుకోలేవు, నేనూ తప్పించుకోలేను.

నీ ఉత్తరం నీకు పంపలేదు. మార్చి చివర్లో మీ అన్నయ్య దాన్ని, రెండు కార్డుల్ని పట్టుకుని మీ ఆస్పత్రి విచారణ సంఘం ముందుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. అయిదుగురు కూర్చున్నారు. “ఈ ఉత్తరం రాసింది ఎవరు?” అని అడిగారు. “నా చెల్లెలు” అన్నాడు. ఒకాయన కళ్ళద్దాలు తీసి, “సొంత చెల్లెలా?” అన్నాడు. “సొంతమే. వార్డులో మేడమ్ గారూ అన్నది కూడా నాటకమే, అందులో నా తప్పూ ఉంది. రాసుకోండి” అన్నాడు. అబద్ధం చెప్పింది ఎవరంటే నేను లేచి నిలబడ్డాను.

తర్వాత జరిగింది నీకు నాకన్నా బాగా తెలుసు. కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. పన్నెండు మందిలో ఇంకో ముగ్గురి పాత కార్డులు కూడా ఇలాగే ఉన్నాయట. వాళ్ళకి ఎవరు ఉత్తరాలు రాశారో నేనడగను. పెద్దసారు తనకేమీ తెలియదన్నాడట, ఆయన గది ఆయనకే ఉంది. నీ గది తలుపు మీద పేరు తీసేశారని పేపర్లో చూశాను. చదివి సంతోషిస్తాననుకున్నాను, సంతోషం రాలేదు. ఆ రోజంతా కుట్లు వంకర పోయాయి.

లాండ్రీ అమ్మాయి నిన్న సగం బకెట్టు ఎత్తింది. మానేసిన రెండు నెలల్లో పోయిన బలం తిరిగి రావడానికి ఇంకా చాలా కాలం పడుతుందని ఫిజియో మేడమ్ అంది.

మీ అన్నయ్య మూడు కిలోల దగ్గర ఆగాడు. ఇక ఇంతేనట. ఇప్పుడు నిజంగానే పెరగడం లేదు, ఇప్పుడు తీసుకునేవాళ్ళు లేరు. లిఫ్టు గుంటలోకి ఇక దిగలేనని కంపెనీకి తనే రాసిచ్చేశాడు. నాతో మాట్లాడతాడు. అన్నం పెడితే తింటాడు, బిల్లు కట్టాలంటే చెప్తాడు. కాలి మాట మాత్రం నా దగ్గర ఎత్తడు. నొప్పి వేసినా నాకు తెలియనివ్వడు. గోడ వైపు తిరుగుతాడు.

మొన్న ఆదివారం నీ ఉత్తరాలన్నీ అడిగి తీసుకున్నాడు. నావి నీ దగ్గరున్నాయి కదా, వాటిలో ఏం రాశానో నోటితో చెప్పించుకున్నాడు. ఒక్కొక్కటే చెప్పాను. ప్యాంటు కుట్లు, నర్సు మాట, నా ప్రాణం లేచిరావడం, ఏదీ దాచలేదు. పూర్తిగా విన్నాడు. అప్పుడడిగాడు:

“నా కాలు గురించి మీరిద్దరూ ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారు. ఒక్కదాంట్లోనైనా ‘ఆయన్ని అడుగుదాం’ అని ఎవరికీ తోచలేదా?”

నీ దగ్గర జవాబుంటే రాయి. నాకు కాదు, ఆయనకి.

వదిన